మాస్కులో కాలిన వాసన

ధర్మవరంలో పట్టునూలు అమ్మే ఒక అంగట్లో నా పని వాసన చూడడం. చెప్తే నవ్వుతారు గానీ, నిజంగా అదే పని. సరుకు దిగిన ప్రతిసారీ ఒక్కో చుట్టలోంచి రెండు పోగులు లాగి, అగ్గిపుల్ల గీసి కాల్చి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి. వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతే అది అసలు పట్టు. కరిగి, గట్టి పూసలా మిగిలితే నకిలీ. పద్దెనిమిదేళ్లు అదే చేశాను. ఆ కంపు నా వేళ్లకూ చొక్కాకూ పట్టేసి, నేను కలుపుకున్న అన్నంలో కూడా తగిలేది. ఇంట్లోవాళ్లు ఎప్పుడూ ఏమీ అనలేదు.

నాయన మగ్గం నేసేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయనకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు బయటపడింది. గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయేది. అమ్మ భుజం పట్టి కుదిపితే, నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా ఒక్కసారిగా గాలి ఎగపీల్చేవాడు. రాత్రి నిద్ర లేక పగలు మగ్గం గుంతలో కూర్చునే కునికేవాడు. ఒకరోజు అలాగే ముందుకు తూలి, నుదురు మగ్గం కట్టెకు కొట్టుకుని మూడు కుట్లు పడ్డాయి. బెంగళూరులో చూపిస్తే సీపాప్ మిషను రాసిచ్చారు. చిన్న పెట్టె అది. వెనకనుంచి గదిలోని గాలిని పీల్చి, గొట్టం గుండా ముక్కు మీది మాస్కులోకి ఆపకుండా తోస్తుంది. గొంతు మూసుకుపోకుండా ఆ గాలే కాపాడాలి. ఒక్క రాత్రి కూడా ఇది లేకుండా పడుకోవద్దు, గుండె తట్టుకోదు అని డాక్టరు నా వైపు చూసి మరీ చెప్పాడు. ఆ మాట నేను మోసుకొచ్చినట్టు ఆ మిషనును కూడా మోసుకురాలేదు.

ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున నేను పనికి పోతూ చెప్పులేసుకుంటుంటే నాయన అన్నాడు. "ఏమప్పా, మాస్కులో ఏందో వెంట్రుకలు కాలిన వాసన వస్తాండాది."

నాకు తొందర. ముక్కు మీద వాసన ఎంత ఉండేదో కోపమూ అంతే ఉండేది.

"నా చేతివాసన నాయనా అది. రాత్రి మాస్కు తగిలించింది నేనే కదా. దినామూ కాల్చేది నేను, వాసన రాకుంటే ఎట్ల?" అన్నాను.

ఆయన తల ఊపాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ మర్చిపోయాను. అంత తేలిగ్గా మర్చిపోయినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నెల దాటింది. అమావాస్య వచ్చింది. ఆ రోజు మగ్గాలు ఆడవు, మా అంగడీ మూసేస్తారు. తలకు పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, మధ్యాహ్నం భోజనమయ్యాక నాయన మంచం పక్కన చాప మీద పడుకున్నాను. ఆయన మాస్కు పెట్టుకుని నిద్రపోతున్నాడు. కాసేపటికి నా ముక్కుకు ఆ కంపు తగిలింది. అలవాటుగా నా వేళ్లు వాసన చూసుకున్నాను. సబ్బు వాసన. చొక్కా చూసుకున్నాను. ఎండ వాసన. ఆ రోజంతా నేను ఒక్క పోగు కాల్చలేదు.

లేచి గొట్టం దగ్గర ముక్కు పెట్టాను. కాలిన కంపు. పెట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ప్లగ్గు పీకేసి, మాస్కు లాగేసి, నాయన్ను లేపి కూర్చోబెట్టాను. ఆయన బిత్తరపోయి చూశాడు. నెల రోజులుగా ఈ మనిషి ఈ కంపే పీలుస్తున్నాడు, నేనేమో నా చేతివాసన అని చెప్పి పనికి పోయాను.

ఎస్టీడీ బూతుకు పరిగెత్తి, మిషను అమ్మిన బెంగళూరు షాపుకు ఫోన్ చేశాను. ఇక ఆన్ చేయొద్దన్నారు. తెచ్చి ఇచ్చిపోతే మద్రాసుకు పంపుతామన్నారు. ఎన్నాళ్లంటే పది రోజులు. ఈలోపు ఇంకో మిషను ఇవ్వమని బతిమాలాను, అరిచాను, మళ్లీ బతిమాలాను. లేదన్నారు. పది రాత్రులు. బూతులోంచి బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడితే ఎటు పోవాలో తోచలేదు.

ఆ రాత్రి నాయన్ను గోడకు ఆనించి, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. ఊపిరి ఆగినప్పుడల్లా నేనొకసారి, అమ్మొకసారి తట్టి లేపాం. తెల్లవారేసరికి ఆయన పెదవులు నల్లబడినట్టు కనిపించాయి. నిజంగా నల్లబడ్డాయో, నా భయమో తెలియదు.

పొద్దున మొదటి రైలుకు మిషను ఒళ్లో పెట్టుకుని పెనుకొండ పోయాను. అక్కడ మా మేనమామ టీవీలు బాగుచేస్తాడు. ఆయన ప్లగ్గు పెట్టి పావుగంట ఆడించి, చెవి ఆనించి విన్నాడు.

"ఏం వాసన లేదు కదప్పా. మీ ఊర్లో కరెంటు కిందికీ పైకీ దూకుతాంటుంది. స్టెబిలైజరు పెట్టుకో, సరిపోతాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే కొన్న స్టెబిలైజరు కూడా నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. నాయనకు పెట్టకుండా ముందు మాస్కు నేనే పట్టుకుని కూర్చున్నాను. పావుగంట, అరగంట. ఏమీ లేదు. అమ్మ గడపలో నిలబడి చూస్తోంది. ముప్పావుగంటకు మళ్లీ అదే కంపు. స్టెబిలైజరును కాలితో తన్నాను. దానికేం కాలేదు, నా బొటనవేలు వాచింది.

"నాకేం కాదులేప్పా, నువ్వు రోంత తిను" అన్నాడు నాయన. అంటూ అంటూనే కునికాడు. ఆ రెండో రాత్రి ఆయన్ను తట్టి లేపి లేపి నా అరచేయి నొప్పి పుట్టింది. ఒకసారి తడితే లేవలేదు. రెండుసార్లు తడితే లేవలేదు. మూడోసారి గట్టిగా కొట్టాను, తండ్రినే కొట్టాను, అప్పుడు ఎగపీల్చాడు. మేలుకున్నాక నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడలేక పెరట్లోకి పోయి ఏడ్చాను.

మూడో రోజు హిందూపురం. అక్కడ మిల్లుల మోటర్లకు వైండింగు కట్టే ఒక పెద్దాయన ఉన్నాడని పెనుకొండలో బయల్దేరేటప్పుడు మామే చెప్పాడు. ఆయన చేతిలో అన్నీ పెద్ద మోటర్లే, ఇది చూసి మొదట ముట్టుకోనన్నాడు.

"ఇది ఆస్పత్రి సామాను కదప్పా. నాకొద్దు."

"మా నాయన రెండు రాత్రులుగా పడుకోలేదన్నా" అన్నాను. మిషనును ఆయన ముందు పెట్టేశాను.

ఆయన నా ముఖం చూసి, బల్ల మీద గుడ్డ పరిచి, మరలు ఒక్కొక్కటే విప్పాడు. లోపల మోటరు చుట్టూ నల్లగా ఏదో పేరుకుని ఉంది. చిన్న పట్టకారుతో కొంచెం లాగి నా ముందు పెట్టాడు.

"దీంట్లోకి వెంట్రుకలు యాడనుంచి వచ్చినాయి?"

నేను దాన్ని వేళ్ల మధ్య నలిపాను. పొడి అయిపోయింది. వాసన చూశాను. చూడక్కరలేదు అసలు. పద్దెనిమిదేళ్లు నాకు అన్నం పెట్టిన వాసన అది.

"వెంట్రుకలు కాదన్నా, పట్టు" అన్నాను.

వెనక మూత విప్పితే, గాలి పీల్చే చోట ఉండాల్సిన స్పాంజి ఫిల్టరు లేదు. దాని బదులు వంకాయ రంగు పట్టుగుడ్డ, రెండు మడతలు వేసి, అంచులు చిన్న చిన్న కుట్లతో కుట్టి ఉంది. ఆ కుట్లు నాకు తెలుసు. చిన్నప్పటినుంచి నా చొక్కా చిరుగులన్నీ కుట్టిన చెయ్యి అది. ఆ గుడ్డ కూడా తెలుసు. అంగట్లో నూలు రంగులు చూపడానికి నేయించి పెట్టిన మచ్చు ముక్కల్లో మంచిది చూసి, సంచి కుట్టుకొమ్మని అమ్మకు నేనే తెచ్చిచ్చాను.

"ఇంత బిగువు గుడ్డలో గాలెట్ల పోతాది? మోటరు ముక్కి ముక్కి కాగిపోయింది. దీని పీచు లోపలికి పోయి మాడింది" అన్నాడు పెద్దాయన. "ఇంకో వారం ఆడించింటే మోటరే కాలిపోతాండె." అంతా దులిపి శుభ్రం చేసి బిగించాడు. అయితే అసలు ఫిల్టరు లేకుండా పెట్టొద్దని, అమ్మినవాళ్లకు చూపించాకే వాడమని రెండుసార్లు చెప్పాడు.

అటునుంచి అటే బెంగళూరు రైలెక్కాను. షాపువాళ్లు లోపలంతా చూసి, మోటరుకు ఏమీ కాలేదు, మద్రాసుకు పంపక్కరలేదని కొత్త ఫిల్టరు వేసి, నేను కదలనంటే బల్ల మీదే రెండు గంటలు ఆడించారు. వాసన లేదు. రాత్రి రైలుకు తిరిగి వచ్చి, తెల్లవారుజామున ఇంటి తలుపు తట్టకుండా, దానికి చెవి ఆనించి నిలబడ్డాను. లోపల్నించి నాయన దగ్గు వినబడ్డాకే తలుపు తట్టాను.

వంకాయ రంగు గుడ్డ తీసి అమ్మ ముందు పెట్టాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఫిల్టరు కడిగి మిద్దె మీద ఆరేస్తే గాలికి కొట్టుకపోయెప్పా. చెప్తే నువ్వు అరుస్తావని చెప్పల్యా. మాస్కు క్లిప్పు విరిగినప్పుడు ఎంత అరిస్తివి. పట్టు మడిగుడ్డ కదా, మంచిది కదా అని పెట్టినా. ముక్కులోకి పోయే గాలి కదా అని."

నేను అరవలేదు. అరిచే ముఖం నాకెక్కడుంది. ఆమె దాచింది గుడ్డను కాదు, నా కోపం నుంచి తనను దాచుకుంది.

నాయన గోడకు ఆనుకుని అంతా వింటున్నాడు. నేను ఆయన ముందు కూర్చుని అడిగాను. "నెల దినాలు ఆ కంపు ఎట్ల పీల్చినావు నాయనా? మల్లా ఒక్కసారి నాతో చెప్పకూడదా?"

ఆయన తేలిగ్గా, ఏమీ జరగనట్టు అన్నాడు. "నీ చేతివాసన అంటివి కదప్పా. అది వస్తాంటే నువ్వు పక్కన్నే ఉన్నట్లుండె. ఇంగేంటికి చెప్పేది?"

నేను లేచి, పెరట్లోకి పోయి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. వచ్చి, మిషను ఆన్ చేసి, మాస్కు ముందు నా ముఖానికి పెట్టుకుని ముప్పావుగంట కూర్చున్నాను. ఆ తర్వాత ఆయనకు పెట్టాను. ఆయన బతికున్నన్నాళ్లూ రోజూ మొదట నేను వాసన చూసి తల ఊపేవాణ్ణి, అప్పుడు ఆయన మాస్కు కోసం చెయ్యి చాచేవాడు.