భద్రమ్మను లోపలికి పిలవలేదు

1987 వేసవి. జూలూరుపాడు వైపు ఒక చిన్న సర్కారు దవాఖానాలో నేను స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి ఆరేళ్లు. మాకు వచ్చేవన్నీ కాన్పులు, పాము కాట్లు, మలేరియా జ్వరాలు. బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవికి పోయి ఎలుగుబంటి పాలబడినవాళ్లు ఏడాదికి ఒకరిద్దరు. అలాంటి చోటికి, హైదరాబాదులో ముక్కు అందంగా చేయించుకున్న అమ్మాయి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ అమ్మాయి పేరు సుగుణ. ఇరవై రెండేళ్లుంటాయి. చిన్నప్పుడు ఎడ్లబండి మీది నుంచి పడితే ముక్కు దూలం విరిగి, అలాగే అతుక్కుని, నడుమ కుంగిపోయిందట. బడిలో తోటి పిల్లలు ఆమెకు పెట్టిన పేరేమిటో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు టీచరు ఉద్యోగం వచ్చింది. జూన్‌లో పిల్లల ముందు నిలబడాలి. మళ్లీ ఆ పేరు వినడం తన వల్ల కాదని తండ్రిని ఒప్పించి రైనోప్లాస్టీ చేయించుకుంది. అంటే ముక్కులోని ఎముకను, మెత్తటి ఎముకను సరిచేసి ఆకారం తెచ్చే ఆపరేషన్. వారం రోజుల తర్వాత స్ప్లింట్ తీసేశారు. ముక్కు కదలకుండా పైన పెట్టే గట్టి పట్టీని స్ప్లింట్ అంటారు. మిగతా సంరక్షణ మమ్మల్ని చూడమని అక్కడి డాక్టరు ఉత్తరం రాసిచ్చారు.

ఆ ఉత్తరం చూసి నాకు కాస్త గర్వం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. సుగుణనూ ఆమె తండ్రినీ కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాను. ఎముక గట్టిపడడానికి ఆరు వారాలు పడుతుంది. ముక్కు చీదకూడదు, వంగి బరువులెత్తకూడదు, రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. వాపు నెలల తరబడి ఉంటుంది, అసలు ఆకారం ఏడాదికి గానీ తేలదు. తండ్రి ప్రతి మాటకూ అవ్, అవ్ అంటూ తలూపాడు. వాళ్లతో వచ్చిన ముసలామె బయట వరండాలో అన్నం గిన్నె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె సుగుణ నాయనమ్మ భద్రమ్మ. ఆమెను లోపలికి పిలవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

నాలుగో రోజు సుగుణ మళ్లీ వచ్చింది. గాజుగుడ్డ తీసి చూశాను. ముక్కు కందిపోయి ఎడమకు ఒరిగింది. లోపల కొత్తగా నెత్తురు. చర్మం మీద ఆముదం జిడ్డు. ఏం జరిగిందని సుగుణను అడిగాను. తలుపు దగ్గర నిలబడ్డ భద్రమ్మే జవాబు చెప్పింది.

"నేనే ఒత్తిన సిస్టరమ్మా. ఊళ్లె ఎంతమంది పసిపిల్లల ముక్కులు ఈ చేత్తోనే తీర్చిన. దీనికి గూడ పుట్టినప్పుడు నేనే తీర్చిన. గిట్ల వాచి, వంకరపోయినట్టు కనపడుతుంటే ఎట్ల ఊకుంట?"

అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా స్నానం పోసేది భద్రమ్మే. చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, ముక్కును రెండు వేళ్లతో నిమిరి నిలబెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. మా అమ్మా నాకు అలాగే చేసింది. అయినా నాకు కోపం ఆగలేదు. మీకేం తెలుసని ముట్టుకున్నారు, పిల్ల ముఖం పాడుచేశారు అని అందరి ముందూ అరిచాను. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నాయనమ్మను ఏమనకండి సిస్టర్," అంది సుగుణ. "ఒత్తమన్నది నేనే. అద్దంల చూసుకుంటే పాత ముక్కే నయమనిపించింది."

వాపు ఉంటుందని నేను చెప్పిన మాట అద్దం ముందు నిలవలేదు. ఆ పిల్లకు భయం వేసినప్పుడు నేను పక్కన లేను, నాయనమ్మ ఉంది.

మర్నాడే హైదరాబాదు పంపించాం. ఎముక ఇంకా గట్టిపడలేదు కాబట్టి, డాక్టరు మళ్లీ కోయకుండానే సరిచేసి స్ప్లింట్ వేశారు. తిరిగి వచ్చాక ఈసారి నేనే వాళ్లింటికి వెళ్లాను. భద్రమ్మ పక్కన కూర్చుని, తిట్టినందుకు తప్పయిందని చెప్పి, పనులన్నీ ఆమెకే అప్పజెప్పాను. కుండ నీళ్లలో తడిపిన గుడ్డ చెంపల మీద వేయాలి, ముక్కు మీద కాదు. దిండ్లు సర్దాలి. చూడవచ్చినవాళ్లు ముక్కు గురించి మాట్లాడకుండా చూడాలి. చివరి పని ఆమె ఎంత బాగా చేసిందంటే, పరామర్శకు వచ్చిన సొంత చెల్లెల్ని కూడా వాకిట్లోంచే పంపించేసిందట.

జూన్‌లో సుగుణ బడికి వెళ్లింది. ముక్కు చక్కగా కుదిరింది. ఎడమకు రవ్వంత వంపు మాత్రం ఉండిపోయింది, చెబితే తప్ప తెలియదు. కానీ భద్రమ్మ ఆ వేసవి నుంచి ఎవరి బిడ్డకూ నీళ్లు పోయలేదు. ఎవరు పిలిచినా, నా చేయి మంచిది కాదు అని పంపించేసేదట. ముక్కు సరిచేయడానికి డాక్టరున్నాడు, నేను విరిచినదాన్ని ఎవరు సరిచేస్తారు?

రెండేళ్లకు, ఈలోగా పెళ్లయిన సుగుణకు మా దవాఖానాలోనే కాన్పయింది, ఆడపిల్ల. పదిహేను రోజులకు బిడ్డను చూడడానికి ఇంటికి వెళ్లాను. భద్రమ్మ దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. సుగుణ పీట వేసి, ఆమెను చేయిపట్టి తెచ్చి కూర్చోబెట్టి, బిడ్డను ఆమె కాళ్ల మీద పడుకోబెట్టింది. ముసలామె బిడ్డ ఒళ్లంతా నూనె రాసింది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. తలెత్తి నా వైపు చూసింది.

"ముట్టనా సిస్టరమ్మా?"

వెళ్లి ఆమె పీట పక్కనే కూర్చున్నాను. "తేలిగ్గా నిమురవ్వా, ఏం కాదు," అన్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరిని ఇంటికి పంపిస్తున్నా ముందు ఒక్క మాట అడిగేదాన్ని, ఇంట్లో నిన్ను చూసుకునేది ఎవరని. చాలాసార్లు ఆ మనిషి బయట వరండాలోనే సంచి పట్టుకుని కూర్చుని ఉండేది. ఆమెను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టేదాన్ని.