ఫోర్‌మన్ గారి మూలమట్టం

నా చిన్నప్పుడు, పదిహేడు నిండీ నిండని వయసులో, ఒక మనిషి నలుగురిలో తల దించుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. కోరుకుని ఊరుకోలేదు, దించాను కూడా. ఇప్పుడు నేను రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాయి, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆయన గొంతు గుర్తొస్తే నా దవడలు బిగుసుకుంటాయి. ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో నాకు నేర్పింది మా తాతయ్య. మింగేయమని మాత్రం నేర్పలేదు.

మాది కంకిపాడు. పదో తరగతి అయ్యాక ఇంట్లో అందరూ టైపు నేర్చుకోమంటే, నేను మొండికేసి ఐటీఐ కాలేజీలో ఫిట్టర్ కోర్సులో చేరాను. తాతయ్య వడ్రంగి. ఆయన పక్కన చెక్కపొట్టులో కూర్చుని పెరిగినదాన్ని కాబట్టి పనిముట్లంటే నాకు భయం లేదు. రెండేళ్ళ చదువు పూర్తవగానే కాలేజీ వాళ్ళే మమ్మల్ని తలా ఒక షెడ్డుకు అప్రెంటిస్‌గా పంపేవారు. అలా వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేనే. ఆటోనగర్‌లో ట్రాక్టరు ట్రాలీలు తయారుచేసే షెడ్డు అది. మొదటి నెల మమ్మల్ని చూసి, నెలాఖరున కాలేజీ మాస్టారు వచ్చినప్పుడు ఫోర్‌మన్ పుస్తకంలో సంతకం పెట్టాలి. పెడితే ఏడాది పాటు ఉంటాం, పెట్టకపోతే ఇంటికి. నా వెనక క్లాసులో ఇంకో ఇద్దరు అమ్మాయిలున్నారు. నేను తిరిగొస్తే వాళ్ళనిక ఎక్కడికీ పంపనని ప్రిన్సిపాలు ముందే చెప్పేశాడు. రోజూ పొద్దున్నే బందరు రోడ్డు మీద బస్సు కోసం నిలబడినప్పుడు ఆ ఇద్దరి ముఖాలే కళ్ళ ముందు ఉండేవి.

ఫోర్‌మన్ నన్ను మొదటి రోజే పైనుంచి కిందకి చూసి, షెడ్డంతా వినబడేలా ఒక మాటన్నాడు.

"ఏమ్మాయ్, గరిటె తిప్పే చేతులకి ఆకురాయి ఎందుకమ్మా?"

కొందరు నవ్వారు. నేను వంచిన తల ఎత్తలేదు. కానీ నవ్వినవాళ్ళు ఎవరెవరో గుర్తుపెట్టుకున్నాను.

ఫిట్టరుకు మొట్టమొదటి పని ఇనపముక్కను ఆకురాయితో రుద్ది, అన్ని మూలలూ సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చేలా చెయ్యడం. వచ్చిందో లేదో చూసేది మూలమట్టంతో. రెండు ఉక్కు బద్దలను ఇంగ్లీషు ఎల్ అక్షరంలా అతికించిన చిన్న పనిముట్టు అది. దాన్ని ముక్క మూలకు ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, మధ్యలోంచి వెలుగు కనిపించకూడదు. కనిపిస్తే ముక్క వంకర. ఆ షెడ్డులో చివరి మాట ఫోర్‌మన్ మూలమట్టానిది. దాన్ని ఆయన నూనెగుడ్డలో చుట్టి, తన పెట్టెలో పెట్టి, తాళం చెవి జేబులో వేసుకునేవాడు. ఎవరి ముక్కనైనా ఆయనే పరీక్ష చెయ్యాలి. ఆయన సరేననే దాకా పనివాళ్ళు రుద్దుతూనే ఉండాలి.

నా దగ్గర కాలేజీలో ఇచ్చిన మూలమట్టం ఉంది. దానితో చూసుకుంటూ ఆ నెల చివరి రెండు వారాల్లో మూడు ముక్కలు చేశాను. మూడింటినీ ఆయన వెలుతురుకు ఎత్తి చూసి, తల అడ్డంగా ఊపి, స్క్రాపు డ్రమ్ములోకి విసిరేశాడు. నా మట్టంతో చూస్తే బాగానే ఉందండీ అని మూడోసారి గొణిగాను. కాలేజీ బొమ్మలు ఇంటికి పట్టుకెళ్ళి ఆడుకో అన్నాడు. నెలాఖరుకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. మాస్టారికి ఏం చెప్పాలో తనకు తెలుసనీ, బస్సు డబ్బులు వృథా చేసుకోవద్దనీ కూడా అన్నాడు.

ఆ డ్రమ్ములో ముక్క పడిన చప్పుడు నా ఒంట్లోకి దిగిపోయింది. సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటున్నప్పుడు, గ్రైండరు కింద రాలిన గరుకు పొడిని కాగితంలోకి ఎత్తి పొట్లం కట్టాను. ఫోర్‌మన్ ప్రాణం ఒక లేతు మిషను. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. దాని నూనెడబ్బాలో ఈ పొడి కలిపితే చాలు, వారం తిరిగేసరికి లోపలి బేరింగులన్నీ అరిగి కూర్చుంటాయి. బస్సులో ఆ పొట్లాన్ని టిఫిన్ క్యారియరు పక్కన పెట్టుకుని, పోరంకి దాటేదాకా ఆయన ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటూనే ఉన్నాను. చెప్పొద్దూ, ఆ నెలంతటిలో నేను సంతోషంగా ఉన్నది ఆ బస్సులోనే.

ఇంటికి రాగానే పొట్లం తాతయ్యకు చూపించాను. దాని విలువ తెలిసినవాడు ఆ ఇంట్లో ఆయన ఒక్కడే మరి. తాతయ్య శాంతమూర్తి ఏమీ కాదు. తన చేత గుమ్మాలు చేయించుకుని, అవి ఇంకెవరో చేశారని చెప్పిన ఒక కంట్రాక్టరుతో ఇరవై ఏళ్ళు మాట్లాడకుండా బతికిన మనిషి. అందుకే నన్ను తిట్టలేదు. పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. జరిగిందంతా మొదటినుంచి చెప్పమన్నాడు. నా మట్టంతో సరిపోయిన ముక్క ఫోర్‌మన్ మట్టంతో ఎందుకు సరిపోలేదో, నేను దాన్ని ఎక్కడెక్కడ ఎలా పట్టుకున్నానో గుచ్చిగుచ్చి అడిగాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఈ పొడి పోస్తే మిషను చస్తది గానీ వాడు చావడే. పైగా నువ్వు దొంగవవుతావు. ఆడి చేత్తోనే ఆడి తప్పు గీయించు" అన్నాడు.

తర్వాత అంచు తిన్నగా ఉన్న చెక్క ఒకటి తెచ్చాడు. తన మూలమట్టాన్ని అంచుకు ఆనించి పెన్సిలుతో ఒక గీత గీశాడు. మట్టాన్ని అటునుంచి ఇటు బోర్లా తిప్పి, అదే చుక్క దగ్గర పెట్టి మళ్ళీ గీశాడు. రెండు గీతలూ ఒకటిగా కలిసిపోయాయి. మట్టం మంచిదైతే కలుస్తాయి, కింద పడో దెబ్బ తగిలో వంగినదైతే రెండుగా విడిపోతాయి, తిప్పి చూస్తే అది అబద్ధం చెప్పలేదు అన్నాడు. ఫోర్‌మన్‌ను నువ్వు తప్పు పట్టొద్దు, నేర్పమని అడుగు, అదీ అందరూ ఉన్నప్పుడు అడుగు అని నాలుగుసార్లు చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు మెరుస్తూనే ఉన్నాయి. ఆ కంట్రాక్టరు గుర్తొచ్చి ఉంటాడు.

నెలాఖరు రోజు కాలేజీ మాస్టారు వచ్చారు. ఫోర్‌మన్ ఆ రెండు రోజుల్లో నేను చేసిన నాలుగో ముక్కను కూడా వెలుతురుకు ఎత్తి చూపించి, ఆడపిల్లలకు ఇది పడదని తాను ముందే చెప్పానన్నాడు. మాస్టారు నావైపు జాలిగా చూశారు. ఆ జాలి నాకు ఫోర్‌మన్ మాటలకన్నా ఎక్కువ మండింది. నేను చేతులు కట్టుకుని, రుద్దేముందు గీత గీయడమే నాకు సరిగ్గా రాలేదండీ, పోయేముందు ఒక్కసారి మీ మట్టంతో మీరే గీసి చూపించండి అని అడిగాను. పొగిడితే ఆయన ఎప్పుడూ కాదనడు. సుద్ద పూసిన రేకు మీద, నలుగురూ చుట్టూ మూగి చూస్తుండగా, సన్నటి గీత గీశాడు. ఇప్పుడు మట్టాన్ని తిప్పి, అదే చుక్క నుంచి ఇంకొక్కటి గీయండి సార్ అన్నాను. ఎందుకన్నట్టు చూశాడు. అయినా గీశాడు.

గీతలు చుక్క దగ్గర కలిశాయి, పైకి పోయేకొద్దీ విడిపోయాయి. చివరకొచ్చేసరికి మధ్యలో బియ్యపు గింజ పట్టేంత ఖాళీ.

అందరూ రేకు మీదికి వంగారు. అంతలో అక్కడున్న ఒక్కొక్కరికీ అసలు సంగతి వెలగడం మొదలైంది. షెడ్డులో అందరూ ఆ మట్టం ఒప్పుకునేదాకా రుద్దినవాళ్ళే. అందుకే వాళ్ళ ముక్కలన్నీ ఒకేలా వంకరగా వచ్చి, ఆ మట్టానికి సరిపోయాయి. ట్రాలీ తలుపులు సరిగ్గా పడటం లేదని రైతులు తిరిగి వచ్చినప్పుడల్లా తిట్లు తిన్నది, అందరూ భాయ్ అని పిలిచే ముసలి వెల్డరు. ఆయన అతుకు బాగాలేదని విప్పించి మళ్ళీ వేయించేవాడు ఫోర్‌మన్. నేను నా మట్టాన్ని మాస్టారి చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి గీశారు, గీతలు కలిశాయి. దానితో నా నాలుగో ముక్కను చూశారు. వెలుగు రాలేదు.

ఎవడో నా మట్టాన్ని కింద పడేశాడు అన్నాడు ఫోర్‌మన్. అప్పుడు భాయ్ తన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అది మీ పెట్టెలోనే కదండీ ఉండేది. తాళం కూడా మీ జేబులోనే కదండీ."

మొదటి రోజు నన్ను చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆయన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత తియ్యగా ఉందో దాచను. ఫోర్‌మన్ చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం లాక్కుని సంతకం పెట్టాడు, కలం కాగితాన్ని చించింది. నాకు సారీ చెప్పలేదు, నేనూ ఆశించలేదు. మట్టాన్ని తీసి స్క్రాపు డ్రమ్ములోకి విసిరికొట్టి బయటికి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు ఆ ఇద్దరు అమ్మాయిలూ అప్రెంటిస్‌గా అదే షెడ్డుకు వచ్చారు. నా పొట్లంలోని పొడితో తాతయ్య ఆ ఆదివారం ఉలులు నూరుకుని, మంచి సరుకు తెచ్చావే అని మెచ్చుకున్నాడు.

సంతకం పడిన సాయంత్రమే డ్రమ్ములోకి వంగి ఆ మట్టాన్ని, నా మూడు పాత ముక్కలనీ ఏరుకున్నాను. నా మట్టంతో ఒక్కొక్కటీ చూశాను. రెండు, మూడు బాగున్నాయి. మొదటిది నిజంగానే వంకర. తొందరలో నేనే చెడగొట్టాను. ఆ సంగతి తాతయ్యకు కూడా చెప్పలేదు, ఇదే మొదటిసారి చెప్పడం.

ఇప్పుడు ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. ఫోర్‌మన్ మట్టం నా బల్ల వెనక మేకుకు వేలాడుతోంది. ఆయన్ను నేను క్షమించలేదు, ఆ అవసరం కూడా కనబడలేదు. కానీ రోజూ పొద్దున పిల్లలు రాకముందే నా మట్టాన్ని రేకు మీద పెట్టి గీస్తాను, తిప్పి మళ్ళీ గీస్తాను. ఇది నా మంచితనం అనుకునేరు. కాదు, భయం. నేను ఎవరి ముక్కనైనా డ్రమ్ములో పడేస్తే, ఆ పిల్ల కూడా కాగితపు పొట్లం కట్టుకుని, నా ఎదురుగానే తల వంచుకుని నిలబడి ఉంటుందని నాకు బాగా తెలుసు.