టీకాల పెట్టెలో ఐసు

ఆన్‌లైన్ క్లాసులో ఆరో తరగతి పిల్లలకు ఘన, ద్రవ, వాయు స్థితులు చెప్పాల్సిన రోజున ఫ్రిజ్‌లోంచి ఐసు ట్రే తీసి కెమెరా ముందు పెట్టుకుంటాను. తెర మీద పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ చల్లదనం వేళ్ళకు తగలగానే ఏన్కూరు అవతల అడవి అంచున మేమున్న ఊరు, అక్కడి ఎండలు, మా అమ్మ చేత నేను చేయించిన పాపం గుర్తొస్తాయి.

అమ్మ ఆ ఊళ్ళో నర్సు. అందరికీ సిస్టరమ్మ. ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే తెల్లవారకముందే రాలిన ఇప్పపూల మత్తు వాసన ఊరంతా కమ్ముకునేది, మట్టల ఆదివారం కోసం పిల్లలమంతా ఈతమట్టలు కోసుకొచ్చి చర్చి అరుగు మీద పేర్చేవాళ్ళం, తాటిముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే నాక్కుంటూ తిరిగేవాళ్ళం. పుల్లఐసు బండి మా దాకా వచ్చేది కాదు. ఐసు అనేది అమ్మ టీకాల పెట్టెలోనే ఉండేది, అదీ టీకాల రోజున బస్సులో వచ్చేది.

రెండువేల అయిదు ప్రాంతంలో, నేను ఆరో తరగతిలో ఉండగా, మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. సైన్సు సారు సీడీ పెట్టి పాఠం చూపిస్తున్నాడు. తెర మీద ఐసుగడ్డ, దానిలోపల ఎర్రటి బంతులు ఒకదానికొకటి ఆనుకొని కదలకుండా ఉన్నాయి. ఇక కరగబోతుందనగా కరెంటు పోయింది. గూడేల నుంచి వచ్చే పిల్లలు ఉసూరుమన్నారు. నాకు గొప్పలు పోవడానికి అంతకన్నా ఏం కావాలి? రేపే టీకాల రోజు, మా అమ్మ దగ్గర అసలైన ఐసు ఉంటుంది, తెచ్చి చూపిస్తానని బడాయి కొట్టాను.

మర్నాడు బస్సులో వచ్చిన పెట్టె అందుకున్న అమ్మ ససేమిరా అంది. నా మొండితనం పాడుగాను, దారి పొడవునా ఏడ్చి బడి గేటు దగ్గర కూలబడ్డాను. మందు సీసాల చుట్టూ నిలబెట్టిన నాలుగు ఐసు డబ్బాల్లోంచి చివరికి ఒకటి తీసిచ్చింది.

"ఒక్కటే ఇస్తున్న బిడ్డా. చూపిచ్చి జల్దీ తేవాలె, మందు ఖరాబైతది."

క్లాసులో ఆ డబ్బా మూత విప్పి లోపలికి తొంగిచూశాం. ఒకరి తర్వాత ఒకరు చెంపలకు, మెడలకు ఆనించుకుంటూ కిలకిలమన్నారు. అందరూ నా చుట్టూ మూగితే ఒళ్ళు తెలియలేదు, అమ్మ మాటే మరిచిపోయాను. గుర్తొచ్చి పరుగెత్తేసరికి డబ్బాలో మిగిలింది నీళ్ళే. ఒకటి తగ్గేసరికి ఆ ఎండకు పెట్టెలో ఉన్న మూడూ కరిగిపోయాయి.

అంగన్‌వాడీ ముందు చంటిపిల్లల తల్లులు కూర్చొని ఉన్నారు. అమ్మ సీసాలు ముట్టిచూసి పెట్టె మూసేసింది. ఇవాళ టీకాలు వెయ్యనంది.

"వాగు దాటి గంత దూరం నడిసొస్తిమి, ఇప్పుడు లేదంటవేంది సిస్టరమ్మా?" అని ఒక చిన్నవయసు తల్లి నిలదీసింది.

బస్సు ఆలస్యమైందన్నా నమ్మేవాళ్ళు. అమ్మ నా వంక చూడకుండా, "తప్పు నాదే. ఐసు కరిగిపోయింది" అంది. నా రెండు చెంపలూ వాయిస్తే బాగుండనిపించింది. కొట్టలేదు.

వారం తిరక్కుండా కొత్త మందు తెప్పించి, పెట్టె భుజాన వేసుకొని తనే గూడేనికి నడిచింది. వెంట నేనూ వెళ్ళాను. అందరూ వేయించుకున్నారు. ఆవేళ నిలదీసిన ఆ చిన్నవయసు తల్లి మాత్రం తలుపు తీయలేదు.

"నీ మందు మాకొద్దు, పో."

అమ్మ ఎంతో బతిమాలింది. "అక్కా, నా వల్లనే అయింది" అని నేనూ ఏడ్చాను. లోపల బిడ్డ ఏడుపు వినిపించింది తప్ప తలుపు కదల్లేదు. అమ్మ మళ్ళీ వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది, కూలిపనులకు ఎటో వలస పోయారట. ఆ తర్వాత అమ్మకు బదిలీ అయింది.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన పడింది. ఇప్పచెట్లున్న చోట జామాయిల్ తోటలు. టీకా కోసం నడిచి రావాల్సిన పని ఎవరికీ లేదు. రిటైరైన అమ్మ ఖమ్మంలో నా దగ్గరే ఉంటోంది. మొన్న క్లాసు అయిపోయాక పక్కగదిలోంచి వచ్చి నిలబడింది.

"ఆ తలుపు తియ్యని పిల్ల బిడ్డకు ఇప్పుడెన్నేండ్లుంటయే?"

"ఇరవై దాకా ఉంటయమ్మా."

"ఉన్నదంటవా?"

"అవ్" అన్నాను. ఏం తెలుసని అన్నానో!