ఊపిరి నిమిషాలు

మా బావతో ఎక్కడికైనా వెళ్ళాలంటే ముందు కాగితం మీద వెళ్ళి రావాలి. ఆ తర్వాతే చెప్పులు వేసుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో టైంటేబుల్ గదిలో పనిచేసిన మనిషి. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరాలి, ఏ స్టాపులో ఎంతసేపు ఆగాలి, చివరి స్టాపు నుంచి ఎన్నింటికి వెనక్కి తిరగాలి, అన్నీ గళ్ళ కాగితం మీద సన్నటి పెన్సిల్‌తో గీసేవాడు. రిటైరై ఏడాది దాటినా ఆ పెన్సిల్ ఇంకా చెవి మీదే ఉంటుంది. స్నానానికి ఎవరు ఎప్పుడు వెళ్ళాలో గీసి తలుపుకు అంటిస్తే, మా అక్క దాన్ని చింపి పొయ్యి దగ్గర మరకలు తుడుచుకుంది.

నేను ఆయన బావమరిదిని, టైల్స్ మేస్త్రీని. పాతికేళ్ళుగా జనం వంటిళ్ళలో, స్నానాల గదుల్లో మోకాళ్ళ మీద పాకుతూ బతికాను. నేలను చూస్తే చాలు, నీళ్ళు ఎటు పారతాయో రసమట్టం పెట్టకుండానే చెబుతాను. ఎవరింటికి వెళ్ళినా ముందు నా కళ్ళు నేల మీదే పడతాయి. పెళ్ళిచూపుల్లో కూడా కిందికే చూశానని, అది సిగ్గనుకుని తను మురిసిపోయిందని, తీరా చూస్తే నేను మూల పలక పగుళ్ళు లెక్కపెడుతున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇలాంటి మా ఇద్దరికీ గోల్ఫ్ పిచ్చి పట్టిందంటే ఎవరూ నమ్మరు. డిపో వెనక గోడకు అవతల మునిసిపాలిటీ వాళ్ళ గోల్ఫ్ మైదానం ఉంది. తొమ్మిది గుంతలు, అక్కడక్కడా పచ్చిక. వారానికి రెండు బంతులైనా గోడ దాటి వచ్చి బస్సు అద్దాలకు తగిలేవి. ఏ తేదీన ఏ బస్సుకు తగిలిందో చీటీ అంటించి మరీ వాటిని బావ తన సొరుగులో దాచేవాడు. సొరుగు మూత పడనప్పుడు, "ఇన్ని బంతులు ఊరికే పడున్నాయి, ఓసారి ఆడి చూద్దాం రారా" అని ఒక ఆదివారం నన్ను లాక్కెళ్ళాడు. ఆ వెళ్ళడం వెళ్ళడం ఇరవై ఏళ్ళుగా వెళుతూనే ఉన్నాం. బావ బంతిని గీత గీసినట్టు తిన్నగా కొడతాడు. గుంత దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేల వాలు ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు. "ఎటు పోతుందిరా?" అని నన్నే అడుగుతాడు. "ఎడమకు జానెడు" అంటాను. అలా మేమిద్దరం కలిస్తే ఒక ఆటగాడి కిందికి వస్తాం.

సభ్యత్వం లేకపోయినా ఎవరైనా వెళ్ళి ఆడగలిగే మైదానాలకు ఒక పత్రిక ఏటా ర్యాంకులు వేస్తుంది. ఆరేళ్ళ కిందట ఆ జాబితా బావ కంట పడింది. అందులో మొదటి అయిదు మైదానాలనూ కారులో చుట్టి వద్దామన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఆయన గళ్ళ కాగితం తీశాడు. దారి, దూరాలు, బసలు గీసి, చెరిపి, మళ్ళీ గీసి పూర్తిచేసేసరికి ఏడాది తిరిగింది. కొత్త జాబితా వచ్చింది. నాలుగో మైదానం ఏడుకు దిగిపోయింది, ఎక్కడిదో కొత్తది మూడుకు ఎక్కింది. "రూటు మారిందిరా, మొత్తం తిరగరాయాలి" అన్నాడు బావ, నిమ్మకు నీరెత్తినట్టు. మరుసటి ఏడూ అదే పాట. నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను: ఏడో ర్యాంకు మైదానంలో కూడా గుంతలే ఉంటాయి బావా, గొయ్యి తవ్వి పూడ్చరు అని. వింటేనా. ఒక్క నంబరు ఒకటి మాత్రం ఆరేళ్ళూ కదల్లేదు. కొండ అంచున ఉంటుంది, కింద సముద్రం. దాని ఫోటోను నా పనిముట్ల పెట్టె మూత లోపల అంటించుకున్నాను.

ఈ ఏడాది నా మోకాళ్ళు రెండూ ఒకేసారి చేతులెత్తేశాయి. డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు దీపానికి ఎదురుగా పెట్టి చూసి, వచ్చే నెల పద్నాలుగున ఆపరేషన్ అన్నాడు. తర్వాత నడవొచ్చట, మెట్లు ఎక్కొచ్చట. "మోకాలు మెలితిప్పే ఆటలు మాత్రం ఇక మరిచిపొండి" అన్నాడు. గోల్ఫ్ కూడానా అని అడిగాను. "ముఖ్యంగా అదే" అన్నాడు. అంటే పద్నాలుగు లోపు ఆడింది ఆడినట్టు, ఆడనిది ఆడనట్టు. ఈ సంగతి మా ఆవిడకూ, అక్కకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. బావకు చెబితే, ఇరవై ఏళ్ళ జతగాడు పోతున్నాడని కాగితం పక్కన పెట్టేసి దిగులుతో కూర్చుంటాడని నా భయం. బావతో మాత్రం, "అనుకున్నట్టే ఆరో తారీకు నుంచి నాకు సెలవు దొరికింది, ఈసారి కాకపోతే ఇక నన్ను పిలవకు" అన్నాను.

మంచి మైదానాల్లో రెండు నెలల ముందే ఆట వేళ రాయించుకోవాలి. ఆపరేషన్ మాట రాకముందే ఆ పని నా మీద పడింది. ఒక స్నానాల గదిలో సిమెంటు ఆరేలోపు, బావ ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని అయిదు చోట్లకూ ఫోన్ చేశాను. కాగితం మీద తేదీలు లేవు. డిపోలో వేసే టైంటేబుల్‌కు తేదీలుండవట, ఏ రోజైనా అదే నడుస్తుందట. ఒకటో రోజు మొదటి మైదానం, రెండో రోజు రెండోది, ఇలా వరసలున్నాయి. సెలవు ఆరున మొదలుపెడదామని అప్పటికే అనుకున్నాం కాబట్టి ఒకటో రోజంటే ఆరు అని రాయించేశాను. తారీకులన్నీ పలకల అట్టపెట్టె ముక్క మీద రాసి కారు అరలో పడేశాను, ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

ఆ తర్వాతే బావ నన్ను కాల్చుకు తిన్నాడు. వేళలన్నీ రాయించాక కూడా వారం వారం కొత్త కాగితం. మొత్తం ఏడు. ప్రతిదానిలోనూ ఆగే చోట్లు పెరుగుతూ వచ్చాయి. చివరికి ముప్పై అయిదు నిమిషాలకోసారి పావుగంట ఆగాలట. డిపోలో బస్సు ఆలస్యమైతే సర్దుకోవడానికి చివరి స్టాపులో నాలుగైదు నిమిషాలు ఖాళీగా ఉంచుతారు. బావ వాటిని ఊపిరి నిమిషాలంటాడు. ఆ నాలుగైదును మాకు పావుగంట చేశాడు. లాడ్జీల్లో కింది అంతస్తు గదులే కావాలని మళ్ళీ ఫోన్లు చేయించాడు.

"ముసలి బస్సా ఇది, ఆగి ఆగి పోవడానికి?" అని నెత్తీ నోరూ బాదుకున్నాను.

"ఊపిరి నిమిషాలు లేని ప్రయాణం ప్రయాణం కాదురా" అన్నాడు, పెన్సిల్ చెక్కుకుంటూ.

నాలుగో కాగితం నుంచి నేను చదవడం మానేశాను.

ఆరో తారీకు పొద్దున ఆరూ అయిదుకు బయలుదేరాం. కారు నాది, నడిపేదీ నేనే. బావ పక్కన కూర్చుని కాగితం తొడ మీద పరుచుకున్నాడు. ఇన్నేళ్ళు రూట్లు గీశాడే గాని, వాటిలో ఒక్కదాని మీద కూడా ఆ చివరి దాకా వెళ్ళిన మనిషి కాదు. ఆయన నడిపేది మార్కెట్టు దాకా, అదీ నలభై దాటకుండా. ఆ రోజంతా అన్నిచోట్లా ఆపించాడు. ఆపినప్పుడల్లా కారు చుట్టూ రెండు ప్రదక్షిణలు చెయ్యమన్నాడు. "టైర్లు చూసుకోరా" అంటాడు. చీకటి పడుతుండగా మొదటి మైదానం ఉన్న ఊరు చేరేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఏడో తారీకు పొద్దున ఎనిమిది గంటలకు నంబరు ఒకటి ముందు నిలబడ్డాం. ఆఫీసు గాజు గోడలోంచి కొండ అంచూ, కింద నీళ్ళూ కనిపిస్తున్నాయి. ఫోటోలో చూసినదే. మొదటి గుంత దగ్గర నేల కుడికి వాలినట్టు కనిపిస్తున్నా నిజానికి ఎడమకే వాలి ఉందని అక్కడి నుంచే తెలిసిపోయింది నాకు. బల్ల దగ్గర కూర్చున్నామె పుస్తకం తిప్పింది.

"మీ ఇద్దరి పేర్లూ నిన్నటి పేజీలో ఉన్నాయండీ. ఎనిమిదిన్నరకు. మీరు రాలేదని వేరేవాళ్ళకిచ్చేశాం" అంది.

నేను కారు దగ్గరికి పరిగెత్తినంత పని చేసి అట్టముక్క తెచ్చాను. ఆరు అనే ఉంది, నా రాతే. బావ కాగితం తీశాడు. పైన సున్నా అని ఒక వరస ఉంది. ఇల్లు, ఆరూ అయిదు.

"బస్సు బయలుదేరే స్టాపును సున్నా అంటాం కదరా. బయలుదేరే రోజు సున్నా. ఆడేది ఒకటో రోజు" అన్నాడు బావ.

"సున్నా అంటే ముందురోజు సామాను సర్దుకోవడం అనుకున్నాను. లోకంలో ఎవరైనా ఒకటి నుంచి లెక్కపెడతారు బావా."

"డిపోలో పెట్టరు."

ఈ రోజు ఏమైనా ఖాళీ ఉందా అని ఆమెను బతిమాలాను. వచ్చే నెలాఖరు దాకా లేదంది. వచ్చే నెలాఖరుకు నేను మంచం మీద ఉంటాను.

అప్పుడు బావ అట్టముక్క అందుకుని వేలు పెట్టి చూపించాడు. మిగతావన్నీ కూడా ఒక రోజు ముందుకే ఉన్నాయి. రెండో మైదానంలో మా వేళ ఈ రోజే, మధ్యాహ్నం పన్నెండూ యాభైకి. దాన్ని అందుకుంటే తక్కిన మూడూ వరసలో పడతాయి. ఇలాగే ఒక రోజు వెనకబడి వెళితే అయిదింటికీ నీళ్ళొదులుకోవాల్సిందే. కాగితం ప్రకారం అక్కడికి అయిదు గంటల యాభై నిమిషాలు. అందులో గంటా నలభై అయిదు నిమిషాలు ఊపిరి నిమిషాలే.

"ఎక్కు. ఎక్కడా ఆపేది లేదు" అన్నాను.

"ఆపకపోతే కుదరదు" అన్నాడు బావ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళ కోపమంతా ఆ కార్ల మధ్య నిలబడి కక్కేశాను. ఈ కాగితాలకు దండం పెడతానన్నాను. ఎవరి కోసం ఆగాలి, కారుకు కాళ్ళు నొప్పులా అని అడిగాను.

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "కారుకు కాదు. నలభై నిమిషాలు మడిచి కూర్చుంటే నీ మోకాలు పట్టేస్తుందని మీ అక్క చెప్పింది. పట్టేస్తే వెళ్ళి మాత్రం ఏం ఆడతావు? పద్నాలుగున ఆపరేషనంట కదా" అన్నాడు.

ప్రదక్షిణలు, కింది అంతస్తు గదులు, ఏడు కాగితాలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది, దాని వెనకే మళ్ళీ కోపమొచ్చింది. మోకాలికి అన్ని నిమిషాలు లెక్కగట్టిన మనిషి, ఏ తారీకుకు రాయించావురా అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది కదా. నేనైనా ఆ కాగితం చదివి ఉంటే సరిపోయేది.

"తెలిసీ నాతో ఎందుకు అనలేదు?" అన్నాను.

"నువ్వు చెప్పలేదు కదరా. చెప్పకూడదనుకున్నావని ఊరుకున్నాను." బావ చెయ్యి చాపాడు. "తాళాలివ్వు. నువ్వు వెనక సీట్లో అడ్డంగా కూర్చుని కాళ్ళు చాపుకో. చాపుకుంటే ఆగక్కర్లేదు."

"నువ్వా? ఊరు దాటి ఎప్పుడైనా నడిపావా?"

"లేదు" అన్నాడు బావ, స్టీరింగు ముందు కూర్చుని అద్దం సరిచేసుకుంటూ.

ఎనిమిదీ ముప్పై తొమ్మిదికి కదిలాం. ఆ నాలుగు గంటల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. లారీలు హారన్ కొట్టాయి, ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటి పోయింది. నేను వెనక నుంచి దాటు, ఇప్పుడు దాటు అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. బావ చూపు రోడ్డు మీంచి కదల్లేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, కాగితంలో వేసుకున్న వేగానికి ఒక్క పిసరు పెంచలేదు, ఒక్క పిసరు తగ్గించలేదు. చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది. దారిలో ఒక్క చోటా ఆపలేదు.

రెండో మైదానం గేటు దగ్గర కారు ఆగినప్పుడు పన్నెండూ నలభై నాలుగు. నాలుగు గంటల అయిదు నిమిషాలు, కాగితంలో ఎంతుందో అంతే. బావ దిగి గేటు వంకా, గడియారం వంకా మార్చి మార్చి చూశాడు. తన టైంటేబుల్ నిమిషం తేడా లేకుండా రోడ్డు మీద నిజం కావడం ఆయన చూడటం అదే మొదటిసారి.

నేను కర్రల సంచి భుజానికెత్తుకున్నాను. మోకాలు హాయిగా ఉంది. అవతల మొదటి గుంత జెండా కనిపిస్తోంది. నంబరు ఒకటి పోయిందన్న మంట నాకు ఇంకా చల్లారలేదు, ఎప్పటికీ చల్లారదు కూడా. కాని నాలుగు మిగిలాయి, వాటికి నా దగ్గర మోకాలుంది.

"పద బావా, ఇంకా ఆరు నిమిషాలే ఉంది" అన్నాను.

"తెలుసు. కూర్చో" అన్నాడు బావ, పక్కనున్న బల్ల చూపిస్తూ.

"ఇప్పుడా?"

"ఊపిరి నిమిషాలు పొద్దున్నుంచి ఒక్కటీ వాడలేదు మనం. కూర్చోరా."

చేసేది లేక కూర్చున్నాను. మా పేర్లు పిలిచారు. బావ వస్తున్నామని చెయ్యి ఊపి, గడియారం చూసుకుంటూ నా పక్కనే కూర్చున్నాడు. ఆరో నిమిషం పూర్తయ్యేదాకా నన్ను లేవనివ్వలేదు.