నిండిన కుర్చీలు

మా ఆయన ఉత్త అమాయకుడు. ఎవరేం చెప్పినా తలూపేస్తాడు. ఆయన వాటా అనుమానం కూడా నేనే పడి చావాలి.

ఊరి నడిబొడ్డున, బట్టల కొట్లపైన, నూట ఇరవై కుర్చీల చిన్న హాలుంది. దాన్ని చూసుకునేది మా ఆయనే. ఊడ్చేది, లైట్లు వేసేది, తెర తాడు లాగేది అన్నీ ఆయనే. మెట్ల దగ్గర కూర్చుని టికెట్లు చింపేది నేను. శనివారం సాయంత్రం ఊళ్లో వాళ్లే వచ్చి పాడతారు, ఆడతారు. కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన ఫ్లూటు వాయిస్తాడు. లెక్కల టీచరమ్మ నాటకాలు వేయిస్తుంది. పాతికమంది వచ్చారంటే వారమంతా మా ఆయన కాళ్లు నేలమీద ఆనవు.

హాలు అద్దె మునిసిపాలిటీ కడుతోంది. ఈ ఏడు నిధులు లేవని సణిగి, జనం రాని హాలుకి డబ్బు దండగని ముఖం మీదే అన్నారు. వాళ్లు చేయి తీసేస్తే పైన బట్టల గోడౌన్ పెట్టడానికి కింద కొట్టాయన కాచుక్కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒకావిడ ఊడిపడింది. నల్ల గొడుగు, చేతిలో నోటుపుస్తకం. చివరి వరసలో కూర్చుని తలలు లెక్కపెట్టి రాసుకునేది. రెండు వారాలు నా కళ్లారా చూశాను.

"ఆవిడ వాలకం నాకేం నచ్చలేదు. మునిసిపాలిటీ పంపిన మనిషే," అన్నాను.

"నీకన్నీ అనుమానాలే. పాటలంటే ఇష్టమేమో!"

"ఇష్టమైతే చప్పట్లు కొట్టదేం?"

"చేతిలో పెన్నుంది కదే!"

ఇలాంటి మనిషితో ఎలా వేగేది? ఇక లాభం లేదని నేనే నడుం బిగించాను. సెలూన్ అన్నయ్యని బతిమాలాను, ఇస్త్రీ కొట్టువాళ్లని పిలిచాను. మా అక్క తన అత్తవారి బలగాన్నంతా తోలుకొచ్చింది. టికెట్ అక్కర్లేదు, మధ్యలో టీ నేనే ఇస్తాను. మా ఆయన చెవిన పడకూడదని మాత్రం అందరిచేతా ఒట్టు వేయించుకున్నాను. దొంగ చప్పట్లని తెలిస్తే తెర దించేసి ఇంటికొచ్చేసే రకం ఆయన.

ఆ శనివారం హాలు కిటకిటలాడింది. ఫ్లూటు ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, సెలూన్ అన్నయ్య చప్పట్లు. నాటకంలో తల్లి ప్రాణం పోతుంటే మా బావగారు "మళ్లీ! మళ్లీ!" అని అరిచారు. నాకు నవ్వాగలేదు. తెర పక్కనుంచి చూస్తున్న మా ఆయన మాత్రం కళ్లు తుడుచుకుంటున్నాడు.

"చూశావా, సెలూన్ వాడు కూడా వచ్చాడు! మన ఊరు మారిందే," అన్నాడు.

 నేను గబగబా మెట్ల దగ్గరికి వెళ్లిపోయాను.

అలా మూడు వారాలు నింపాను. మూడో వారం ఆవిడ మెట్ల దగ్గర ఆగింది.

"ఈమధ్య ప్రతి వారం ఇలాగే నిండుతోందా అండీ?"

దొరికావులే అనుకున్నాను. "నిలబడటానికైనా చోటుండట్లేదండీ! బాగా లెక్కపెట్టుకోండి," అన్నాను, కాస్త వెటకారంగానే.

"చాలా సంతోషమండీ," అని నవ్వి, నోటుపుస్తకంలో ఏదో కొట్టేసి వెళ్లిపోయింది. పీడ విరగడైందనుకున్నాను.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. మా ఆయన నిలబడే పైకి చదివాడు. ఆవిడకి మునిసిపాలిటీతో ఏ సంబంధమూ లేదు. ఒకప్పుడు పాటలు పాడిన తన తల్లి పేరున చిన్న ట్రస్టు నడుపుతోంది. జనం లేక మూతపడబోతున్న హాలుకి ఏడాది అద్దె కడతారు. ఉన్న డబ్బుతో ఒక్క హాలునే ఆదుకోగలరు. మొదటి రెండు వారాలు చూసి మా హాలు పేరే రాసుకుందట. 'ఇప్పుడు మీ హాలు కళకళలాడుతోంది. మా సాయం మీకు అవసరం లేదని తెలిసి ఆనందించాను' అని ముగించింది.

 నా నోటిని నేనే తిట్టుకున్నాను. మా ఆయనేమో ఆ ఉత్తరాన్ని టికెట్ల బల్ల పక్కన గోడకి అంటించి, వచ్చేపోయే వాళ్లందరికీ చదివి వినిపించాడు.

మర్నాడు మునిసిపాలిటీ కాగితం వచ్చింది. నెలాఖరుతో అద్దె ఆపేస్తున్నారు. తలలు లెక్కపెట్టడానికి వాళ్లు ఎవర్నీ పంపనే లేదు.

"పోతే పోనీ," అన్నాడు మా ఆయన, ఉతికిన చొక్కా తీస్తూ. "ఇంత జనం వస్తున్నారు కదా! టికెట్ల మీదే అద్దె వస్తుంది. మన ఇంటి పూచీ మీద మూడేళ్ల అద్దెకి సంతకం పెట్టేసి వస్తాను."

"ఆగండి," అన్నాను.

అంతా చెప్పేశాను. అన్నయ్య, అక్క, టీ, ఒట్లు, ఏదీ దాచలేదు. ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. తిడితే బాగుండుననిపించింది, తిట్టలేదు. తలెత్తి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు నా ముఖంలోకి చూశాడు.

"ఇంకా ఏమేం దాచావు నా దగ్గర?" అని అడిగాడు.

ఏమీ లేదన్నాను. ఒట్టేసి మరీ చెప్పాను. ఆయన నమ్మలేదు.