ఖాళీ ఇంట్లో నా గొంతు

రేపల్లెలో ఒక పెళ్లికి మేనమామ లేకుండా పోయేంత పని చేశాను నేను. అదీ ఆ పెళ్లివారి ముఖమైనా చూడకుండా, తెనాలిలో నా దుకాణంలో కూర్చుని, ఉత్త గొంతుతో. చదివి నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. జాలి మాత్రం నా మీద పడకండి. దానికి వేరే మనిషి ఉన్నాడు. పేరు కోటేశ్వరరావుగారు, ఊరు బాపట్ల.

మాది స్మార్ట్ హోమ్ సామాను బిగించే దుకాణం. ఫోన్‌లో నొక్కితే హాల్లో దీపం వెలగడం, కిటికీ తెరలు మోటారుతో మూసుకోవడం, బెల్ కొట్టినవాళ్ల ముఖం ఫోన్‌లో కనపడటం, అలాంటివి. వైర్లు లాగేది మా ఆయన, వాదించేది నేను. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను గనుక రెండూ నేనే చేయగలను. కానీ నిచ్చెనెక్కి వాదిస్తే ఊపు రాదు.

దసరా నుంచి సంక్రాంతి దాకా మాకు సీజను. తెనాలి, బాపట్ల, రేపల్లె ఫిట్టర్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కొత్తగా ఏ సరుకు దిగింది, ఏ గృహప్రవేశానికి ఏం బిగించాలి అంటూ అందులో పండగ కబుర్లూ సలహాలూ రాసే బాధ్యత ఎవరూ ఇవ్వకముందే నేను తీసేసుకున్నాను. సలహాలు మంచివే, ఇప్పటికీ వాటి మీద ఎవరితోనైనా వాదిస్తాను. రౌటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టండి, లేకపోతే కరెంటు పోయిన మరుక్షణం ఇల్లు తన తెలివంతా మరిచిపోతుంది. గుమ్మానికి కట్టిన మామిడి తోరణం బెల్ కెమెరాకి అడ్డం రాకుండా చూడండి, లేకపోతే వచ్చిన చుట్టాలందరూ మామిడాకుల్లాగే కనపడతారు. హోమం జరిగే పూట పొగ సెన్సర్ ఆపండి, పంతులుగారి గొంతుకీ సైరన్‌కీ శ్రుతి కలవదు. దీపావళి సీరియల్ బల్బుల తీగని వెలుగు తగ్గించే డిమ్మర్ స్విచ్చికి కలపకండి, ఇల్లంతా కన్ను కొడుతున్నట్టు ఉంటుంది.

వీటన్నిటి చివర నా ఘనమైన సలహా ఒకటుంది. పండగ సెలవులకి ఊరెళ్లే వాళ్ల ఇంట్లో ‘సెలవుల మోడ్’ పెట్టండి. ఎవరూ లేకపోయినా దీపాలు వాటంతటవే వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, టీవీ మోగుతుంది, దొంగ అది నిండు ఇల్లనుకుని పక్క సందులోకి పోతాడు.

ఇక్కడితో ఆగితే సరిపోయేది. ఆగడం మా కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

కోటేశ్వరరావుగారు ఎరువుల వ్యాపారం చేసి మానేసిన మనిషి. వెన్నపూస లాంటివాడు. ఆయన భార్య పద్మావతిగారు కరిగిన వెన్నపూస. దసరా సెలవుల్లో ఇద్దరూ కాశీ ప్రయాణం పెట్టుకుని, ఇంటి సంగతి చూడమని నన్ను పిలిచారు.

“దీపాలు సరేనండీ, ఎవరైనా బెల్ కొడితే లోపలినుంచి మనిషి పలకాలి. అప్పుడే దొంగకి నమ్మకం కుదురుతుంది. ఏదీ, ఫోన్‌లోకి గట్టిగా ‘ఎవరండీ’ అనండి,” అన్నాను పద్మావతిగారితో.

ఆవిడ పాపం గొంతు సవరించుకుని, “ఎవరండీ?” అన్నారు.

“లాభం లేదు. ఈ గొంతు వింటే దొంగ చెప్పులు విడిచి లోపలికొచ్చి కాఫీ అడుగుతాడు.”

“మరెట్టా అమ్మా?”

“నేను లేనూ?”

మూడు ముక్కలు రికార్డు చేసి, బెల్‌కి కలిపిన స్పీకర్ పెట్టెలో పెట్టాను. మొదటిసారి బెల్ కొడితే, “ఎవరండీ? ఉండండి, వస్తున్నా!” రెండోసారి కొడితే, “వస్తున్నానంటుంటే వినపడదా? చేతిలో పనుంది!” అయినా కదలకపోతే మూడోది: “ఏమండీ, ఆ కర్ర ఇలా అందుకోండి. వీళ్లెవరో తేల్చేద్దాం!” ఆ మూడో ముక్క విని కోటేశ్వరరావుగారు తెలియకుండానే కర్ర కోసం అటూ ఇటూ చూశారు. నా ప్రతిభకి అంతకంటే ఏం రుజువు కావాలి?

“ఊరెళ్తున్నట్టు ఎవరికీ చెప్పకండి,” అన్నాను చివరగా.

“మా చెల్లెలికి కూడానా?” అన్నారు కోటేశ్వరరావుగారు. “రేపల్లెలో ఉంటుంది. బంగారం లాంటి మనిషమ్మా.”

“ఆవిడ బంగారమే కావచ్చు. ఆవిడ చెప్పగా విన్నవాళ్లంతా బంగారమని మీరు హామీ ఇస్తారా?”

ఇవ్వలేదు. వెన్నపూస హామీలివ్వదు. దర్శనం వేళ ఫోన్ గోల ఎందుకని, బెల్ మోగితే వాళ్ల ఫోన్‌కి కబురు పోయే ఏర్పాటు కూడా ఆపేశాను. ఇంత జాగ్రత్తగా గొయ్యి తవ్వినవాళ్లు మన జిల్లాలో ఇంకొకరు ఉండరు.

కార్తీకంలో పిల్ల పెళ్లి పెట్టుకున్న ఆ చెల్లెలు రమణమ్మగారు, తొలి శుభలేఖ పుట్టింటికే ఇవ్వాలని, కుంకుమ భరిణె, చీర, పళ్లెం పట్టుకుని ఒక సాయంత్రం బాపట్ల వచ్చింది. బొట్టు పెట్టి పిలవాల్సిన చోటికి ఫోన్ చేసి వస్తారా ఎవరైనా? ఆ తర్వాత జరిగింది బెల్ కెమెరాలో ఉంది. నేను చాలాసార్లు చూశాను, మొదటిసారి ఒక్కటే నవ్వకుండా.

“వదినా! నేనే, రమణమ్మని,” అని బెల్ నొక్కింది.

“ఎవరండీ? ఉండండి, వస్తున్నా!” అంది నా గొంతు.

రమణమ్మగారు కొంగు సవరించుకుంది. నిలబడింది. వంటింట్లో దీపం వెలిగింది. టీవీ మోగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

“ఎవరమ్మా లోపల? కొత్తగా పనికి కుదిరావా?” అని మళ్లీ నొక్కింది.

“వస్తున్నానంటుంటే వినపడదా? చేతిలో పనుంది!”

“ఇదేం నోరమ్మా! మా అన్నయ్య గుమ్మంలో నన్ను నిలబెట్టి నాకే ఎదురు చెప్తావా? అసలు నువ్వెవరు?” ఈసారి నొక్కిన నొక్కుడికి బెల్ గోడలోకి పోవాల్సింది.

“ఏమండీ, ఆ కర్ర ఇలా అందుకోండి. వీళ్లెవరో తేల్చేద్దాం!”

రమణమ్మగారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వదిన కాని ఆడమనిషి, అన్నయ్య ఇంట్లో, ‘ఏమండీ’ అని పిలుస్తోంది! ఆవిడ ఇంకా తేరుకోకముందే, నేను పెట్టిన టైం ప్రకారం, పడకగదిలో దీపం ఆరిపోయింది.

పళ్లెం పళ్లెంగానే వెనక్కి వెళ్లిపోయింది.

మర్నాడు కోటేశ్వరరావుగారు కాశీ నుంచి కులాసాగా చెల్లెలికి ఫోన్ చేశారట.

“కర్ర దొరికిందా అన్నయ్యా?”

“ఏం కర్రమ్మా? నేను కాశీలో ఉన్నా.”

“అబద్ధాలు కూడానా! వదిన ఏది?”

“నా పక్కనే ఉంది.”

“ఉంటుందిలే, ఎవరో ఒకరు!”

ఆవిడ ఫోన్ పెట్టేస్తూ చెప్పిన మాట అసలు మాట. మావైపు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామే మోసుకుంటూ పీటల మీదికి తెస్తాడు. “గంప మొయ్యడానికి చుండూరులో మా పిన్ని కొడుకున్నాడు. నువ్వు శ్రమపడక్కర్లేదు,” అందట.

ఆయన నాకు ఫోన్ చేసి ఏడ్చారు. “ఆ పిల్లని భుజాల మీద పెంచానమ్మా. పెళ్లినాడు ఇంకెవడో మోస్తుంటే నేను చూస్తూ కూర్చోవాలా?”

“మీరు కంగారుపడకండి. సాక్ష్యం నా దగ్గరుంది,” అని ఆ కెమెరా వీడియో తీసి నేరుగా రమణమ్మగారికి పంపాను. అందులో నాకు కనపడింది చక్కగా పనిచేస్తున్న యంత్రం. ఆవిడకి కనపడింది, తను చెప్పినదంతా నిజమేనని చూపించే వీడియో. క్షణాల్లో అది వాళ్ల బంధువుల గ్రూపులోకి వెళ్లింది. సాయంత్రానికి పొన్నూరు నుంచి ఎవరో పెద్దాయన ఫోన్ చేసి, “ఈ వయసులో ఏంట్రా కోటేశ్వరరావూ,” అని కాశీలో ఉన్న మనిషికి నీతులు చెప్పాడట.

ఇక లాభం లేదని, వాళ్లు నా దగ్గర ఉంచిన తాళంచెవితో బాపట్ల ఇల్లు తీసి, బెల్‌నీ స్పీకర్ పెట్టెనీ ఊడదీసి, మా ఆయన్ని వెంటబెట్టుకుని రేపల్లె వెళ్లాను. రమణమ్మగారు మర్యాదస్తురాలు. ఎందుకొచ్చామో చెప్పకముందే కాఫీలిచ్చింది. స్పీకర్‌ని బల్ల మీద పెట్టి, “చూడండి, మీ అన్నయ్యగారింట్లో ఇవన్నీ బిగించింది నేనే. ఆరోజు మాట్లాడింది ఈ పెట్టె,” అని ఠీవిగా బెల్ నొక్కాను.

పెట్టె పలకలేదు. ఎన్నిసార్లు నొక్కినా నీలం దీపం మిణుకుమంటూ బాపట్లలో వదిలి వచ్చిన వైఫై కోసం వెతుక్కుంటూ కూర్చుంది. నెట్ లేకపోతే పనిచేయని సామానుతో ప్రదర్శనకి వెళ్లొద్దని గ్రూపులో నేనే రాశాను. నేను రాసినవి నేను చదవను.

“సరే, నోటితో చెప్తా వినండి,” అని గొంతెత్తి, “ఎవరండీ? ఉండండి, వస్తున్నా!” అన్నాను.

రమణమ్మగారు కుర్చీలోంచి లేచింది. “అదే గొంతు! ఆ మనిషివి నువ్వేనా? ఎంత ధైర్యం! నా ఇంటికే వచ్చి నా కాఫీ తాగుతావా?”

“అయ్యో, అది రికార్డు చేసిన గొంతండీ!”

“నువ్వు కాదంటావా?”

“నేనే, కానీ నేను అక్కడ లేను!”

ఈ వాక్యం ఎంత సబబైనదో మీకూ నాకూ తెలుసు. ఆవిడ ముఖం చూస్తూ చెప్పి చూడండి, అప్పుడు తెలుస్తుంది. మెత్తగా మాట్లాడి బయటపడాల్సిన చోట నాకు రోషం వచ్చింది.

“అయినా మీ తప్పు కూడా ఉందండీ. అనుమానం వస్తే కిటికీలోంచి చూడొచ్చుగా?”

“ఎట్టా చూసేది? కిటికీలకి మోటారు తెరలు పెట్టింది నువ్వే కదమ్మా!”

“వెనక తలుపు కొట్టొచ్చుగా?”

“మా అన్నయ్య ఇంటికి నేను దొడ్డిదారిన వెళ్లాలా?”

“కర్ర తెమ్మంటే ఎవరైనా పారిపోతారు గానీ, అలిగి వెళ్తారా?”

“పుట్టింట్లో అలగక ఎక్కడ అలుగుతామమ్మా?”

ఆ మాట న్యాయంగానే ఉంది. ఉంది గనుక ఇంకాస్త గట్టిగా వాదించాను. కాఫీలు చల్లారాయి. మొదటి పాయింటు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టబోతుంటే, రమణమ్మగారు నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగింది.

“ఏం బాబూ, ఇంట్లో కూడా ఇట్టాగేనా?”

మా ఆయన గ్లాసు కింద పెట్టారు. “ఇక్కడ కొంచెం మొహమాటపడుతోందండి.”

ఆవిడ ఆయన్ని చూసింది. నన్ను చూసింది. పగలబడి నవ్వింది. అప్పటికప్పుడు ఫోన్ తీసి, “అన్నయ్యా, తిన్నగా ఇంటికి రా. గంప నువ్వే మొయ్యాలి,” అంది. అవతల ఆయన ఏమడిగారో గానీ, ఈవిడ చెప్పిన జవాబు మాత్రం నా చెవులారా విన్నాను: “ఆవిణ్ని చూశాను, మాట్లాడాను. ఈవిడతో నువ్వు ఒక్క పూట కూడా నెగ్గుకురాలేవు. నాకు నమ్మకం కుదిరింది.”

ఒక పెద్దమనిషి పరువు నా నోటి వల్లే పోయింది, నా నోటి వల్లే తిరిగొచ్చింది. ఇందులో నాకు గౌరవం ఎక్కడుందో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

పెళ్లికి వెళ్లాను. కోటేశ్వరరావుగారు మేనకోడల్ని గంపలో మోసుకొస్తుంటే చెమటలు కారుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది. రమణమ్మగారు నన్ను పక్కకి లాగి, “మేమంతా ఇక్కడున్నాం, అక్కడ ఇల్లు ఖాళీ. నీ గొంతు మా ఇంటికి కూడా పెట్టాల్సిందమ్మా, దొంగలే కాదు, ఆడపడుచులు కూడా రారు,” అంది.

నేను అక్షింతలు చేతిలో పట్టుకుని, తూర్పు వైపు తిరిగి, మా ఆయన సాక్షిగా ప్రమాణం చేశాను: బతికున్నంతకాలం నేను లేని ఇంట్లో నేను మాట్లాడను, నేనున్న ఇంట్లో మాత్రం మాట్లాడతాను.

ఆ రెండో సగం అవసరమా అని మా ఆయన అడిగారు. దాని మీద వాదన ఇంకా నడుస్తోంది.