నా పేరున వచ్చిన ఉత్తరం

సహోదరులారా, సహోదరీలారా, ముందుగా ఒక మాట ఒప్పుకుంటాను. ఈ సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు ఎన్నోసార్లు అడిగారు, నేను ఏదో ఒక సాకు చెప్పి ఇన్నేళ్ళూ తప్పించుకున్నాను. రోగం కుదిరినవాళ్ళు, తాగుడు మానినవాళ్ళు ఇక్కడ నిలబడి చెబితే మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రం అంటారు, నా సంగతిలో చప్పట్లు కొట్టే చోటు లేదు, ఎందుకంటే ఇందులో మా అయ్య చనిపోయాడు, ఆయన కన్నుమూసే వేళకు నేను పక్కన లేను, దానికి కారణం నేనే. అయినా అలాంటి నన్ను కూడా ప్రభువు విడిచిపెట్టలేదు గనుక ఈరోజు నోరు తెరుస్తున్నాను. దేవునికే మహిమ!

అవి అరవైల మధ్య రోజులు. మాది నరసన్నపేట దాటాక వంశధార వైపు ఉన్న ఒక చిన్న పల్లె. మా అయ్య పేరు యోహాను. మొదట్లో ఆయన ఊళ్ళో పెద్దరైతు దగ్గర కంబారి, అంటే ఏడాది పొడుగునా ఆ ఇంటినే కనిపెట్టుకుని ఉండే పాలేరు. పాతికేళ్ళ వయసులో ప్రభువును నమ్ముకుని వంశధారలో బాప్తిస్మం తీసుకున్నాడు. యోహాను అప్పుడు పెట్టుకున్న పేరు, సర్కారు కాగితాల్లో మాత్రం పాత పేరే ఉండిపోయింది. ఆ ఏడు అమ్మవారి జాతరకు డప్పు కొట్టనన్నాడని రైతు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. ఆ తరువాత బతుకంతా రోజు కూలీయే, దొరికిన రోజు గింజలు, దొరకని రోజు చోడి అంబలి. ఇంత జరిగినా ఆయన ఆ సంగతి ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. అమ్మ చెబితేనే నాకు తెలిసింది.

ఇంట్లో, ప్రార్థన గుడిలో నా పేరు శామ్యూలు. మా అయ్య నోట అది శామేలు. బడిలో చేర్చిన రోజున మాత్రం పంతులు గారు తనకు నోరు తిరిగిన పేరు రాసేసుకున్నారు, సింహాచలం అని. అలా పుస్తకాల్లో ఒకణ్ణి, ఇంట్లో ఒకణ్ణి. ఎస్.ఎస్.ఎల్.సి. మంచి మార్కులతో పాసయ్యాను. మా పేటలో అంత చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. అయ్య ఆనందం పట్టలేక కనిపించిన ప్రతివాడితోనూ "మా గుంటడు కాలేజీకి ఎల్తాడు, సూడు" అని చెప్పేవాడు.

విజయనగరానికి మూడు మైళ్ళ అవతల, పొలాల మధ్య ఒక ప్రైవేటు కాలేజీ ఉండేది. డబ్బున్నవాళ్ళు కమిటీగా చేరి కట్టించింది. పెద్ద ఆవరణ, సున్నం కొట్టిన హాస్టలు, నిద్రగన్నేరు చెట్లు. పి.యు.సి.లో సీటు కోసం నేను ఒక్కణ్ణే రైలెక్కి వెళ్ళాను. మార్కులు చూసి సీటు ఇచ్చారు, కానీ ఫీజూ హాస్టలూ డిపాజిట్టూ కలిపి చెప్పేసరికి నేను వెనక్కి తిరగబోయాను. మా అయ్య ఏడాదంతా ఒంగి పనిచేసినా అంత రాదు.

అక్కడి హెడ్ గుమాస్తా గారు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. నా ముఖం చూసి జాలిపడి పక్కకు పిలిచాడు.

"సూడు బాబూ, నీ మంచికే సెప్తన్నాను. మీ కులపోళ్ళకి గవర్నమెంటు స్కాలర్‌షిప్పు ఉన్నాది. ఫీజు, కూడు, పుస్తకాలు, అన్నీ ఆళ్ళే ఇస్తారు. కిరస్తానీ అని రాస్తే మాత్రం రాదు. నీ పేరు సూస్తే సింహాచలం, దరఖాస్తులో మతం గడి ఖాళీగా ఉన్నాది. హిందువు అని నింపి మీ అయ్య సేత ఏలిముద్ర ఏయించి తే. ఎవులడుగుతారు?"

ఆ రోజుల్లో అలా రాయించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళను నేను ఒక్క మాట అనను. ఆకలి ఏమిటో నాకు తెలుసు. నేను చేసిన పాపం వేరు. ఆ కాగితం మీద 'నేనూ నా కుటుంబమూ క్రైస్తవ మతంలో లేము' అని ఒక వాక్యం ఉంది. దాన్ని మడిచి, ఇంటికి తెచ్చి, అయ్య ముందు పెట్టి, ఫీజు తగ్గించమని అడిగే కాగితం, వేలిముద్ర వెయ్యి అన్నాను. ఆయనకు చదువు రాదు. నా ముఖంలోకి చూసి నవ్వాడు.

"ఇందులో ఏటి రాసున్నాదిరా?"

"మనం బీదోళ్ళమని రాసున్నాది, అయ్యా."

"అది నిజవే గదా," అని వేలు చాపాడు. ఆయన బొటనవేలికి సిరా రాసింది నేను, పట్టుకుని కాగితం మీద నొక్కింది నేను!

కాలేజీలో చేరాను, మూడు పూటలా అన్నం, తెల్లని చొక్కా, అందరూ సింహాచలం అని పిలిస్తే పలికేవాణ్ణి. కానీ సహోదరులారా, చేరిన మొదటి వారం నుంచే నాకు ప్రార్థన రాలేదు. మోకరిస్తే ఏ పేరుతో మాట్లాడాలో తెలియక లేచిపోయేవాణ్ణి. ఆదివారం గుడికి వెళ్తే ఎవరైనా చూస్తారేమో, స్కాలర్‌షిప్పు పోతుందేమో అని గదిలోనే ఉండిపోయేవాణ్ణి. అన్నం కడుపునిండా తింటున్నా మనిషి ఎండిపోతున్నాడు.

వానలు పడే రోజుల్లో ఒక మధ్యాహ్నం అయ్య నన్ను చూడటానికి వచ్చాడు. చెప్పాపెట్టకుండా, తడిసిన పంచెతో, చేతిలో అటుకుల మూట. గేటు దగ్గర వాచ్‌మన్‌ను "మా శామేలుని పిలు బావూ" అంటున్నాడు, వాచ్‌మన్ "ఆ పేరు గలోడు ఇక్కడ ఎవుడూ నేడు" అంటున్నాడు. నేను వరండాలోంచి విన్నాను. పక్కన స్నేహితులు ఉన్నారు. పరుగున వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని, ఎవరికీ కనిపించకుండా గోడ పక్కకు లాక్కుపోయాను.

"నివ్వు ఇక్కడున్నావు, నేడంటాడేటిరా ఆడు?"

ఇక దాచలేకపోయాను. కాగితంలో ఉన్నదంతా చెప్పాను. చెబుతుంటే ఆయన కొట్టలేదు, తిట్టలేదు. తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"ఏలు నాది గదరా శామేలూ," అన్నాడు. "నివ్వు నీ ఏలు పెట్టుకున్నా బాగుణ్ణు. నాసేత ఎందుకు ఆ మాట అనిపించినావు?"

అటుకుల మూట నా చేతిలో పెట్టి, వచ్చిన దారినే వానలో నడిచి వెళ్ళిపోయాడు. గేటు దాకా కూడా నేను సాగనంపలేదు, ఎవరైనా చూస్తారని!

రెండు నెలలు గడిచాయి. హాస్టలు వరండాలో ఉత్తరాలు గుచ్చిపెట్టే బల్ల ఒకటి ఉండేది. ఒకరోజు అందరూ దాని చుట్టూ మూగి నవ్వుతున్నారు. ఒక కార్డు మీద 'యోహాను కుమారుడు శామ్యూలుకు' అని ఉంది. మా ఊరి పాస్టరు గారి దస్తూరీ, చూడగానే గుర్తుపట్టాను.

"ఎవుడ్రా ఈ శామ్యూలు? మనలో కిరస్తానోడు ఎవుడున్నాడు?" అని ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు. వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను. అయ్యో సహోదరులారా, ఆ నవ్వు ఈరోజుకీ నా చెవుల్లో ఉంది!

చిరునామా పైకి కనిపించేలా గుచ్చారు, వెనక వైపు ఏముందో తెలియదు. ఎవరూ లేనప్పుడు తీసుకుందామని చూశాను. ఆ వరండాలో ఎప్పుడూ ఎవరో ఒకరు. ఒక రోజు పోయింది, రెండో రోజు పోయింది. మూడో రోజు ఉదయం, పోస్టుమాన్‌కు తిరిగి ఇచ్చేస్తామని వార్డెన్ గారు దాన్ని తీయబోతుంటే, అది నాది అన్నాను. ఆయన వింతగా చూసి ఇచ్చారు. అందులో రెండే వాక్యాలు. మీ నాన్నకు పచ్చకామెర్లు ముదిరాయి, నిన్నే తలుస్తున్నాడు. అందిన వెంటనే బయలుదేరు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, బస్సు పట్టుకుని, బస్సు దిగాక పొలం గట్ల మీద పరుగెత్తి నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఉదయమే సమాధి చేసేశారు. మట్టి ఇంకా తడిగా ఉంది. ఉత్తరం అందినరోజే కదిలి ఉంటే ఆయనతో ఒక రోజైనా ఉండేవాణ్ణి.

అమ్మ నన్ను తిట్టలేదు. "నిన్న సందకాడ దాకా గుమ్మం కేసే సూసేడ్రా," అంది, అంతే.

"అయ్యకి నా మీద కోపం పోనేదా అమ్మా?" అని అడిగాను.

"కోపమా? నీ కాడ్నించి వచ్చిన్నాడు కూడు తిన్నేదు. మర్నాటినుంచి రోజూ పొద్దున్నే ఒకటే పార్థన. 'పెబువా, ఆ ఏలు నాది. ఆ గుంటడు సిన్నోడు, సదువు మీద ఆశ పడ్డాడు. ఈ పాపం ఆడి మీద రాయకు. రాస్తే నా మీద రాసుకో.' మంచం మీద మాట పడిపోయేదాకా అదే అన్నాడు."

ఆ మాట విన్నాక నేను ఇంట్లో నిలవలేకపోయాను. పట్టపగలు, గుడి తలుపు తీసి, పేడ అలికిన నేల మీద బోర్లా పడి ఏడ్చాను. నెలల తరువాత ప్రార్థన వచ్చింది. "ప్రభువా, నిన్ను ఎరగనని రాసి ఇచ్చాను, నమ్మకంగా బతికినవాడి చేత కూడా ఆ మాట అనిపించాను, మా అయ్య అడిగినట్టు ఆయన మీద రాయకు, అది నాది, నాదే! చదువు పోయినా సరే, ఈ అబద్ధం నుంచి నన్ను విడిపించు!" నా గుండె మీద నుంచి బండ దిగినట్టు అయిందని చెప్పను, దుఃఖం అలాగే ఉంది, కానీ భయం పోయింది. ఎవరు చూస్తారో అన్న ఆ భయం నేను నేల మీద నుంచి లేచేసరికి లేదు! అదే నాకు జరిగిన విడుదల.

దినాలు అయ్యాక కాలేజీకి వెళ్ళి హెడ్ గుమాస్తా గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"నీకేటి పిచ్చా బాబూ? ఎవులడిగేరు నిన్ను? పరీక్షలు అయిందాకా నోరు మూసుకోనేకపోయావా?"

"మా అయ్య పోయాడు బాబూ. ఆయన వేలిముద్ర ఆ కాయితం మీద ఉండకూడదు," అన్నాను.

ప్రిన్సిపాలు గారు కాగితం రద్దు చేయించారు. అప్పటిదాకా నా మీద ఖర్చైనది తిరిగి కట్టాలన్నారు, నా పేరు కొట్టేశారు. న్యాయమే. పెట్టె నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాను.

అమ్మా నేనూ గరివిడి వెళ్ళి మాంగనీసు ఫ్యాక్టరీ దగ్గర ముడిరాయి మోసే కూలికి చేరాం. ఏడాది పైన పట్టింది బాకీ తీరడానికి. నా వయసువాళ్ళు డిగ్రీలో ఉన్నారు, నేను తట్ట మోస్తున్నాను, నా పక్కన మా అమ్మ మోస్తోంది, ఆవిడ అరచేతులు పగిలి రక్తం వచ్చేది. ఆ రోజుల్లో నాకు ఆకాశం నుంచి ఏ స్వరమూ వినపడలేదు, ఎవరూ డబ్బు పంపలేదు. కానీ రోజూ పొద్దున్నే ఇద్దరం మోకరించేవాళ్ళం, ప్రార్థన వచ్చేది. ఆ ఒక్కటీ నాకు చాలింది.

చివరి వాయిదా కట్టడానికి వెళ్ళిన రోజున హెడ్ గుమాస్తా గారు రసీదు రాసి ఇచ్చి, ఒక కాగితం నా ముందుకు తోశాడు. అది కమిటీ వాళ్ళ బీద విద్యార్థుల సహాయ నిధికి పెట్టుకునే దరఖాస్తు. అందులో మతం గడే లేదు.

"ఇది అప్పుడూ ఉన్నాది బాబూ," అన్నాడు తల ఎత్తకుండా. "ముగ్గురికో నలుగురికో ఇస్తారు, నీకు రాదనుకున్నాను. నీ కులం సూసేను, మతం సూసేను, నిన్ను సూడనేదు."

ఆయన నమ్మే దేవుడు వేరు, సహోదరులారా, అయినా నా ప్రభువు ఆయన చేతినే వాడుకున్నాడు! కమిటీ ముందు నిలబడ్డాను. ఎందుకు మానేశావని అడిగితే మా అయ్య సంగతి చెప్పాను. సగం ఫీజు మాఫీ చేశారు. మిగతా సగం కోసం అమ్మ ఇంకో ఏడాది రాయి మోసింది. పి.యు.సి. పాసయ్యాను, ట్రైనింగు అయ్యాను, పంతులు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం అమ్మ చేతిలో పెడితే, దాన్ని పట్టుకుని అయ్య సమాధి దగ్గర కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.

ప్రభువు నన్ను క్షమించాడని నాకు తెలుసు, అందులో అనుమానం లేదు, స్తోత్రం! కానీ మా అయ్య నోటితో "పోనీలేరా" అన్న మాట నేను వినలేదు, ఈ లోకంలో ఇక వినను. ఆ బాధను కూడా దేవుని దగ్గరే పెట్టుకుని బతుకుతున్నాను, ఆయన దాన్ని తోసిపుచ్చలేదు.

కాలేజీ సీట్ల కోసం తిరుగుతున్న పిల్లలు ఇక్కడ ఉన్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందోనని నిద్రపట్టని తల్లిదండ్రులు ఉన్నారు. నాయనా, దేవుడు దారి తెరుస్తాడు, ఆలస్యమైనా తెరుస్తాడు, ఆయన్ని నమ్మండి. భయపడి ఇంట్లోవాళ్ళ దగ్గర దాచిన మాట ఏదైనా మీలో ఎవరికైనా ఉంటే, నా సాక్ష్యం బాగుందని చెప్పడానికి నా దగ్గరకు రావద్దు. ఇప్పుడు మనం ప్రార్థనలో తలలు వంచుతాం. మీ అయ్య, మీ అమ్మ ఇంకా బతికి ఉంటే, ప్రార్థన మధ్యలోనైనా సరే లేచి ఇంటికి వెళ్ళండి. దేవుడు ఏమీ అనుకోడు.